టాపు వేసి చూపించండి

షోరూములో అయినా, ప్రకటనలో అయినా జీపును టాపు తీసేసే చూపిస్తారు. సినిమాల్లోనూ అంతే. గుడ్డ టాపు బిగించి, పక్క కిటికీల జిప్పులు లాగి, లోపలి ఉక్కపోతకు చొక్కా తడిసి ముద్దయి ఘాట్ ఎక్కే హీరోను చూపించాలని ఏ దర్శకుడికీ తోచదు. అందుకే కొనడానికి వచ్చేవాళ్ళ కళ్ళ ముందు ఎప్పుడూ టాపు లేని బండే ఆడుతుంటుంది. "టాపు మొత్తం దించి, మళ్ళీ మీరే వేసి చూపించండి" అని సేల్స్‌మన్‌ను అడిగేవాళ్ళు అరుదు. అడిగి చూస్తే చాలా సంగతులు అక్కడే తేలిపోతాయి. ఎన్ని పట్టీలు విప్పాలి, వెనక ప్లాస్టిక్ కిటికీ ఊడదీసి ఎక్కడ పెట్టాలి, ఒక్క మనిషికి సాధ్యమా, ఇద్దరు కావాలా, హైవే మీద ఉన్నట్టుండి వాన అందుకుంటే ఎంతసేపు తడవాలి? ఇవేవీ బ్రోచరులో ఉండవు.

గుడ్డ టాపు జీపు గురించి మన దగ్గర రెండు రకాల మాటలు వినపడతాయి. నలభై అయిదు డిగ్రీల ఎండలూ, తుపాను వానలూ ఉన్న చోట గుడ్డ కప్పిన బండేమిటని పెద్దవాళ్ళు తీసిపారేస్తారు. అంతకు మించిన సరదా లేదని కుర్రవాళ్ళు ఊగిపోతారు. ఇద్దరూ మరిచిపోయేది ఒకటే. టాపు కూడా బండిలో ఒక భాగం. ఇంజన్ ఆయిలుకూ, బ్రేకు ప్యాడ్లకూ ఉన్నట్టే దానికీ ఒక ఆయుష్షుంది, చేయాల్సిన సర్వీసుంది, మార్చక తప్పని రోజుంది. ఆ చాకిరీ ఇష్టంగా చేసుకునేవాళ్ళకు గుడ్డ టాపు మన వాతావరణంలోనూ చక్కగా పనికొస్తుంది. అంత ఓపిక లేనివాళ్ళు ఇనుప టాపు బండి కొనుక్కోవడమే మేలు. అందులో నామోషీ ఏమీ లేదు.

అసలు జీపుకు గుడ్డ టాపు షోకు కోసం రాలేదు. 1940లో అమెరికా సైన్యం నిఘా పనులకు పనికొచ్చే తేలికపాటి బండి కావాలని కంపెనీలను అడిగింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలో బట్లర్ అనే ఊళ్ళో ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ ఏడాది సెప్టెంబరులో మొదటి నమూనా తెచ్చి అప్పగించింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు యుద్ధం ముగిసేలోపు ఆరు లక్షలకు పైగా జీపులు చేసి పంపాయి. కమ్మీల మీద లాగి కట్టిన కాన్వాసే వాటికి కప్పు. బండి బరువు తగ్గాలి. శత్రువు కంట పడకుండా ఎత్తు తగ్గాలి. ముందు అద్దం బానెట్ మీదికి వాలాలి. తుపాకులు పేలితే సైనికుడు ఏ పక్కకైనా దూకగలగాలి. ఇనుప టాపుతో ఇవేవీ కుదరవు.

మన దేశంలో 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలైన సంస్థ తర్వాత మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకుని, ఆ దశాబ్దం ముగిసేలోపే బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం ప్రారంభించింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక జీపు పల్లెల దాకా వచ్చింది. బ్లాకాఫీసు జీపు ఊళ్ళోకి వచ్చిందంటే ప్రభుత్వం వచ్చినట్టే. పోలీసులకు జీపు, ఫారెస్టు వాళ్ళకు జీపు, ఎన్నికలొస్తే అభ్యర్థికి జీపు. గణతంత్ర దినోత్సవం నాడు కవాతును పరిశీలించడానికి ఇప్పటికీ టాపు లేని జీపే కావాలి. ఆ రోజుల్లో సర్కారు జీపుల టాపులు అన్నేళ్ళు నిలిచాయంటే అందులో రహస్యమేమీ లేదు. ప్రతి జీపుకూ ఒక డ్రైవరుండేవాడు, ఆఫీసు వెనక ఒక షెడ్డుండేది, అయ్యగారు క్యాంపుకు వెళ్ళని రోజున ఆ డ్రైవరుకు జీపు తుడవడం తప్ప వేరే పనుండేది కాదు. ఇప్పుడు సొంతానికి జీపు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయ్యగారూ తానే, డ్రైవరూ తానే, క్లీనరూ తానే. షెడ్డు మాత్రం అపార్టుమెంటులో దొరకదు.

1985 చివర్లో వచ్చిన మారుతి జిప్సీ ఇదే దారిలో నడిచింది. మొదట 970 సీసీ ఇంజన్, 1996లో జిప్సీ కింగ్ పేరుతో 1.3 లీటర్ల ఇంజన్. గుడ్డ టాపు జిప్సీ బరువు టన్ను లోపే. బరువైన బళ్ళు కూరుకుపోయే బురదలో అది పైపైన దాటిపోయేది. రణథంబోర్, తాడోబా వంటి పులుల అడవుల్లో దశాబ్దాల తరబడి సఫారీలకు తిరిగింది టాపు తీసిన జిప్సీలే. పైభాగంలో బరువు తగ్గిన కొద్దీ గరిమనాభి కిందికి దిగుతుంది, ఏటవాలు దారిలో పక్కకు ఒరిగినా బండి నిలదొక్కుకుంటుంది. అయితే దాటరాని హద్దు దాటి పల్టీ కొడితే మాత్రం తలను కాపాడేది పైన ఉన్న ఇనుప కమ్మీలూ, ఒంటికి బిగించుకున్న బెల్టూ మాత్రమే. టాపు తీసేసి, సీట్ల మీద నిలబడి కేకలు వేస్తూ పోయేవాళ్ళకు ఆ రెండో సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

మహీంద్రా థార్ 2010లో వచ్చింది. కొత్త రూపాన్ని 2020 ఆగస్టు 15న చూపించి, అక్టోబరు 2న 9.80 లక్షల ప్రారంభ ధరతో అమ్మకానికి పెట్టారు. అప్పుడు మూడు రకాల టాపులుండేవి. కదలని గుడ్డ టాపు, వెనక్కి మడిచే గుడ్డ టాపు, గట్టి టాపు. గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీ పరీక్షలో ఆ బండికి నాలుగు నక్షత్రాలు దక్కాయి. జీపంటే ప్రాణాల మీదికి తెచ్చేదన్న పాత అపవాదు కొంత తగ్గింది. కానీ ఆ తర్వాతి వరస చూడండి. 2023 జనవరిలో వచ్చిన వెనక చక్రాల థార్‌కు గట్టి టాపే. అదే ఏడు జూన్‌లో 12.74 లక్షలతో మొదలైన మారుతి జిమ్నీకి గట్టి టాపే. 2024 ఆగస్టులో వచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్‌కూ అంతే. ఫోర్స్ గూర్ఖా 2021లో కొత్త రూపంతో వచ్చినప్పుడూ అంతే. జిప్సీ సంగతి చెప్పనే అక్కర్లేదు, 2019 నాటికే మామూలు జనానికి అమ్మకం ఆగిపోయింది. ఏసీ చల్లగా ఉండాలి, లోపల మాట వినపడాలి, ముందు పెద్ద తెర ఉండాలి అని కొనేవాళ్ళు అడిగారు, కంపెనీలు జీపును కారు చేసి ఇచ్చాయి. వాళ్ళను తప్పుపట్టలేం. గుడ్డ టాపే కావాలనుకునేవాళ్ళు మాత్రం ఇక ఎక్కువగా పాత బళ్ళ బేరాల్లోనే వెతుక్కోవాలి. అక్కడ బండితో పాటు పాత యజమాని బద్ధకం కూడా చేతికొస్తుంది.

ఇక చాకిరీ సంగతి.

గుడ్డ అంటున్నాం గానీ ఇప్పటి టాపుల్లో చాలావాటిలో నూలు ఉండదు. పాత సైనిక జీపులది మందపాటి నూలు కాన్వాసు. తడిస్తే దాని పోగులు ఉబ్బి సందులు మూసుకుపోతాయి, నీరు దిగదు. కానీ తడి ఆరకుండా వదిలేస్తే బూజు పట్టి చీకిపోతుంది. ఇప్పటివి చాలావరకు పాలియెస్టర్ బట్ట మీద పీవీసీ పూత వేసినవి. కుట్టే దుకాణంలో వీటన్నిటికీ రెగ్జిన్ అనే ఒక్క మాటే. దీనికి చీకుడు భయం తక్కువ, ఎండ భయం ఎక్కువ. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాలు వేడికి కొద్దికొద్దిగా బయటికి పోతాయి. అప్పుడు పూత బిరుసెక్కి, మడత పడే చోట్ల నెర్రెలిస్తుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల ఆరుబయట నిలబెట్టిన జీపుకు ఈ ముసలితనం తొందరగా వస్తుంది. కుట్టుదారం అంతకంటే ముందే ఓడిపోతుంది. టాపు చిరిగిపోయిందని యజమాని గుండె బాదుకునే సందర్భాల్లో చాలాసార్లు గుడ్డ బాగానే ఉంటుంది, తెగింది దారమే. ఎండను తట్టుకునే పాలియెస్టర్ దారంతో ఆ గీత మీదే మళ్ళీ కుట్టిస్తే టాపు బతికిపోతుంది. పాత కన్నాల్లోంచే సూది పోనివ్వమని మాత్రం దగ్గరుండి చెప్పుకోవాలి. పక్కన కొత్త కన్నాల వరస పడితే రెగ్జిన్ అక్కడ కాగితంలా చిరుగుతుంది.

అన్నిటికంటే ముందు పాడయ్యేవి ప్లాస్టిక్ కిటికీలు. వాటిని పాడుచేసేది ఎండ కన్నా యజమాని శుభ్రతే. పొద్దున్నే దుమ్ము పట్టిన కిటికీని పొడిగుడ్డతో పరపరా తుడుస్తాడు. ఆ దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. తుడిచిన ప్రతిసారీ వెంట్రుకంత సన్నటి గీతలు పడతాయి. ఆరు నెలలు తిరిగేసరికి ఎదురు బండి లైటు పడితే కిటికీ అంతా తెల్లటి పొరే. ముందు ధారాళంగా నీళ్ళు పోసి దుమ్ము జారిపోనివ్వాలి. తర్వాత కొంచెం సబ్బునీళ్ళతో మెత్తటి గుడ్డ, అదీ తడిగా. పెట్రోలు, థిన్నర్, ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా కలిసిన ద్రావణాలు దగ్గరికి రానివ్వకూడదు. కిటికీ చుట్టి పెట్టేటప్పుడు మధ్యలో పాత నూలు దుప్పటి వేసి చుట్టాలి. చలికి ప్లాస్టిక్ బిర్రబిగుస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో మంచు చూడటానికి వెళ్ళి, ఆ చలిలోనే వెనక కిటికీ మడతపెట్టబోతే అది ఫట్‌మని పగిలినా ఆశ్చర్యం లేదు. ఎండ ఎక్కాక విప్పితే ఆ బాధ ఉండదు.

తడి టాపును మడవకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం బాధలు రావు. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టడం ఎంత పాపమో ఇదీ అంతే, ఆ రోజు ఏమీ తెలియదు, వారం తిరిగాక మూత తీస్తే బూజు. వానలో తిరిగి వచ్చిన బండిని టాపు వేసే ఉంచి, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. కుట్లు ఆరడానికి పైన గుడ్డ ఆరినంత సేపు చాలదు, మడతల్లో నీరు మర్నాటికీ ఉంటుంది. బూజు పట్టాక బ్లీచింగు నీళ్ళతో రుద్దితే మచ్చ పోవచ్చు, దారం బలం కూడా దానితో పాటే పోతుంది.

వాటర్ సర్వీసింగు సెంటర్లో జాగ్రత్తగా ఉండాలి. బండి దిగి చాయ్ తాగడానికి వెళ్ళిపోతే అక్కడి కుర్రాడు అలవాటు ప్రకారం ప్రెషర్ గన్ను టాపు కుట్ల మీదికి తిప్పుతాడు. మహా వానకు దిగని నీళ్ళు ఆ ధారకు దిగుతాయి. టాపు మీదికి గన్ను వద్దని ముందే చెప్పి, అక్కడే నిలబడాలి.

కారే చోట్లు అందరికీ తెలిసినవే. ముందు అద్దం ఫ్రేమూ టాపూ కలిసే గీత, తలుపుల పై అంచుల్లో ఉండే రబ్బరు బీడింగు, వెనక మూలలు. ఎనభై వేగంలో వెళ్ళే బండికి ఎదురొచ్చే వాన పైనుంచి పడదు, ఎదుటి నుంచి కొడుతుంది. ఆ ఒత్తిడికి ముందు గీతలోంచి ఒక్కో బొట్టూ దిగి సరిగ్గా డ్రైవరు మోకాలి మీద పడుతుంది. మోకాలు తడిస్తే నష్టం లేదు. ఆ నీరు ఫ్లోరు మీది మ్యాటు కిందికి చేరి అక్కడే నిలిస్తేనే ముప్పు. మ్యాటు కింది స్పాంజి వారాల తరబడి తడి పట్టి ఉంచుతుంది, దాని కింద రేకు మెల్లగా తుప్పు తింటుంది. చాలా జీపుల ఫ్లోరులో నీళ్ళు పోవడానికి రబ్బరు బిరడాలుంటాయి. అవి ఎక్కడున్నాయో తెలియకుండానే బండి అమ్మేసేవాళ్ళున్నారు. తెలంగాణ ఎండల్లో టాపు ముందు పోతుంది, రేకు నిలుస్తుంది. విశాఖ, కాకినాడ తీరాల్లో ఉప్పుగాలికి రేకే ముందు పోతుంది. అక్కడ అండర్ బాడీ కోటింగు మీద పెట్టే డబ్బు టాపు మీద పెట్టే డబ్బు కంటే ముఖ్యం.

జిప్పు పట్టేస్తే బలంగా లాగకూడదు. పాత టూత్‌బ్రష్‌తో పళ్ళ మధ్య మట్టి తీసి, కొవ్వొత్తి రుద్దితే సరిపోతుంది. ఇంజన్ ఆయిలు, గ్రీజు రాస్తే దుమ్మును పట్టుకుని ఇంకా పాడవుతుంది.

దుమ్ము సంగతి వచ్చింది గనక, ప్రాణానికి సంబంధించిన ఒక విషయం ఇక్కడే చెప్పుకోవాలి. ముందు కిటికీలన్నీ మూసి, గాలి కోసమని వెనక తెర ఒక్కటే ఎత్తి నడిపేవాళ్ళు చాలామంది. కదిలే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఎర్రమట్టి రోడ్డు మీద లేచిన దుమ్మంతా అటునుంచే లోపలికి వస్తుంది. దానితో పాటు పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు కూడా. దానికి రంగూ లేదు, వాసనా లేదు. వెనక సీట్లో పిల్లలు మగతగా పడుకుంటే ప్రయాణం బడలిక అనుకుంటారు. తెరిస్తే ముందూ వెనకా తెరవాలి, లేదంటే మొత్తం మూయాలి.

ఎలుకలకు రెగ్జిన్ అంటే ఇష్టం, వైరింగు అంటే ఇంకా ఇష్టం. నెలల తరబడి కవరు కప్పి వదిలేసిన జీపు వాటికి పురిటిల్లు. కోతులున్న పుణ్యక్షేత్రాల్లో అరటిపళ్ళ సంచి సీటు మీద పెట్టి దర్శనానికి వెళ్ళారంటే, ప్లాస్టిక్ కిటికీ మీద ఆశ వదులుకోవచ్చు. దొంగకైతే బ్లేడు చాలు. అమెరికాలో గుడ్డ టాపు రాంగ్లర్ జీపుల యజమానుల్లో ఒక అలవాటుంది. లోపల విలువైనవేమీ ఉంచకుండా, తలుపులకు తాళం వేయకుండానే వదిలేస్తారు. దొంగ వస్తే తలుపు తీసి చూసుకుని పోతాడు, టాపు కోయడు. మన వీధుల్లో అంత ధైర్యం చేయడం కష్టం గానీ, ల్యాప్‌టాప్ సంచి మాత్రం వెంట తీసుకుపోవాల్సిందే. తాళం వేసి దాచుకోగలిగిన పెట్టె ఒకటి ఫ్లోరుకు బిగించుకుంటే మేలు.

ఇంత చెప్పాక కూడా గుడ్డ టాపు వైపు మాట్లాడటానికి గట్టి కారణం ఉంది. ఇనుప టాపు సొట్టపడితే టింకరింగు, పుట్టీ, పెయింటు, రంగు కలిసిందా లేదా అన్న గొడవ. గుడ్డ టాపు చిరిగితే ఆటో టాపులు, సీటు కవర్లు కుట్టే దుకాణం చాలు. ఆ పని తెలిసిన మనిషి తెలుగు రాష్ట్రాల్లో ప్రతి జిల్లా కేంద్రంలోనూ, చాలా మండల కేంద్రాల్లోనూ ఉన్నాడు. పాత టాపును కుట్లు విప్పి ముక్కలుగా పరిచి, వాటినే కొలతలుగా పెట్టుకుని కొత్తది కోస్తాడు. కంప్యూటరు అక్కర్లేదు, కంపెనీ కోడ్ నంబరు అక్కర్లేదు. ఇప్పటి బళ్ళలో వెనక లైటు మార్చాలన్నా మొత్తం పెట్టె కొనిపించే రోజులివి. పైకప్పు మొత్తాన్ని ఊరి దర్జీ చేతుల్లో పెట్టగలిగిన బండి ఇంకొకటి చూపించండి. అయితే చవకగా అవుతుందని పలచటి రెగ్జిన్ వేయించుకుంటే వానాకాలం ఒకటి గడవడమే గొప్ప. మందం చూడాలి, వెనకవైపు అల్లిక చూడాలి, కుట్టు రెండు వరసలు వేయమనాలి. కంపెనీ టాపు పాడయ్యాక కాదు, ఇంకా బాగున్నప్పుడే దాని కొలతలు కాగితం మీద తీయించి పెట్టుకునేవాళ్ళు తెలివైనవాళ్ళు.

మెకానిక్ వైపు పని కొత్త బళ్ళలో తక్కువ, పాతవాటిలో ఎక్కువ. కమాను పట్టీల జీపుకు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకు, షాకిల్ పిన్నులకు గ్రీజు కొట్టించడం మానేస్తే నెలల్లోనే కిరకిరలు మొదలవుతాయి. లోతు నీళ్ళు దాటి వచ్చిన ప్రతిసారీ ముందు, వెనక డిఫరెన్షియల్ ఆయిలు చూడాలి. పాలు కలిపినట్టు తెల్లగా కనపడితే నీరు చేరినట్టే, వెంటనే మార్చాలి. ఫోర్ వీల్ గేరును నెలకోసారైనా మట్టిదారిలో వేసి నడపాలి, లేదంటే అవసరమైన రోజున లివరు కదలదు. అలాగని తారురోడ్డు మీద అది వేసి దర్జాగా తిరగకూడదు. ఈ రకం బళ్ళలో ముందు, వెనక ఇరుసుల మధ్య తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఇంకో దూరం పోతాయి. మట్టిలో అయితే టైరు జారి సర్దుకుంటుంది, తారు మీద ఆ ఒత్తిడంతా గేర్ల పళ్ళ మీద పడుతుంది.

ఈ చిన్న సంగతి కూడా తెలియనివాళ్ళు సముద్రంలోకి బండి దింపుతున్నారు. 2024 జూన్‌లో గుజరాత్ కచ్ తీరాన ముంద్రా దగ్గర రీళ్ళ కోసం రెండు థార్లను కెరటాల్లోకి తీసుకెళ్తే రెండూ ఇరుక్కుపోయాయి. ఊరివాళ్ళు వచ్చి లాగారు, పోలీసులు కేసు పెట్టారు. అంతకు ముందు 2023 డిసెంబరులో హిమాచల్‌ప్రదేశ్ లాహౌల్‌లో రోడ్డు మీద ట్రాఫిక్ ఉందని చంద్రా నదిలోంచి థార్ నడిపినతనికి చలానా పడింది. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో పోగలదని కంపెనీ చెబుతుంది. ఆ అంకె సముద్రపు కెరటానికి తెలియదు. టైరు కింద ఇసుకను వెనక్కి వచ్చే నీరు కోసుకుపోతుంది, బండి దిగబడుతుంది, తర్వాతి కెరటం సీటు మీదికి వస్తుంది. ఆ ఉప్పు చేరిన వైరింగు ఇక ఎన్నటికీ నమ్మకస్తురాలు కాదు. పైగా శ్రీకాకుళం నుంచి కిందిదాకా మన తీరం ఇసుకలో జనవరి మొదలు వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. నాలుగు చక్రాల బలం చూపించడానికి ఆ ఇసుకే దొరికిందా? పోలీసులు కేసులు పెట్టడం సబబే. దానితో పాటు ఊరి బయట పనికిరాని క్వారీ నేలల్లో డబ్బు తీసుకుని నడపనిచ్చే ట్రాకులకు అనుమతులిస్తే తీరం మీద ఒత్తిడి తగ్గుతుంది.

చట్టం విషయంలోనూ గుడ్డ టాపువాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. రెండు వానాకాలాలకే విసిగిపోయి, ఫైబర్ హార్డ్‌టాపు ఒకటి తెచ్చి బిగించేస్తారు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా ఖాయం చేసింది. రవాణా శాఖ ఆఫీసులో అడిగి, అనుమతి కాగితం చేతికొచ్చాకే పని మొదలుపెట్టాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట అడిగేది దాని గురించే. ఇక బీమాలో ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ భాగాలకు 50 శాతం తరుగు కోసే మామూలు పాలసీలే ఎక్కువ. టాపు ఏ పద్దు కిందికి వస్తుందో పాలసీ తీసుకునే రోజునే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవడం మంచిది.

కంపెనీల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. టాపు విడిగా కొంటే ధర ఎంతో, పక్క కిటికీ ఒక్కటే కావాలంటే దొరుకుతుందో లేదో బండి అమ్మేటప్పుడే చెప్పాలి. టాపు సంరక్షణ గురించి రెండు పేజీలు తెలుగులో అచ్చువేసి ఇస్తే వాళ్ళ సొమ్మేం పోదు. అమ్మకం తగ్గుతోందని గుడ్డ టాపు రకాలను ఎత్తేస్తే ఎత్తేయండి, వ్యాపారం మీది. కానీ ఇప్పటికే అమ్మిన బళ్ళకు బీడింగులు, పట్టీలు, కిటికీలు పదేళ్ళపాటయినా అందుబాటులో ఉంచడం కొన్నవాళ్ళకు మీరున్న బాకీ.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండి గుడ్డ టాపు జీపు కావడం ఎవరికీ మంచిది కాదు. ముసలి అత్తగారిని మే నెలలో హైదరాబాదు నుంచి గుంటూరుకు అందులో తీసుకెళ్తే మూడు తరాలు చెప్పుకుంటారు, మంచిగా మాత్రం కాదు. నీడనిచ్చే షెడ్డు, ఆదివారం పొద్దున రెండు గంటల తీరిక, రోజువారీ పనులకు వేరే బండి ఉన్నవాళ్ళకు అది తగినది. తోటలకూ పొలాలకూ తిరిగే రైతులకూ, అరకు, మారేడుమిల్లి దారుల్లో మట్టిరోడ్డు పట్టుకుని పోయేవాళ్ళకూ తగినది.

పాతది కొనేవాళ్ళు వానాకాలంలోనే చూడాలి. వేసవిలో ఏ టాపూ కారదు. ముందు మ్యాట్లు నాలుగూ ఎత్తి చేత్తో తడిమి, వాసన చూడాలి. కొత్తగా పెయింటు కొట్టిన ఫ్లోరు కనపడితే స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా కొట్టి వినాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. జిప్పులన్నీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా లాగాలి. టాపు లోపలివైపు నుంచి ఎండకు ఎదురుగా చూస్తే సూది కన్నాలు చుక్కల్లా మెరుస్తాయి. అద్దం ఫ్రేము దగ్గర బీడింగును నొక్కి, అది మళ్ళీ పైకి లేస్తుందో లేదో గమనించాలి. తర్వాత లోపల కూర్చుని తలుపులు వేసుకుని, పైన నాలుగు బకెట్ల నీళ్ళు పోయించాలి. నీళ్ళు తేవడానికి అమ్మేవాడు నసిగితే ధరలో కొత్త టాపు ఖర్చు, ఫ్లోరు టింకరింగు ఖర్చు రెండూ తగ్గించి బేరం మొదలుపెట్టండి. సరేనని తెచ్చి పోస్తే, టాపు దించి మళ్ళీ వేయమని కూడా అతణ్నే అడగండి. ఎక్కడ ఏ పట్టీ బిగుసుకుందో, ఏ బటన్ ఊడిందో తడుముకోకుండా చేతులు వాటంతట అవే పోతుంటే, ఆ బండిని చూసుకున్న మనిషి అతడే.